మొదటి దమ్ము

మా అత్త తాగేది పొట్టి చుట్టలే. వేలెడు పొడవు, బొటనవేలంత లావు. పొడుగు చుట్టలు తాగేవాళ్లను చూస్తే ఆమెకు నవ్వు. పొడుగుది సగానికి వచ్చేసరికి ఆరిపోతుందని, ఆరినదాన్ని మళ్లీ అంటించడం చద్దన్నం వేడి చేసుకోవడం లాంటిదని అంటుంది. పత్తికొండలో మా ఇంటి ముందు ఒక నాపరాయి బండ ఉంది. పొద్దుగూకే వేళకు ఆమె దాని మీద కూర్చుంటుంది. పక్కన రేకు డబ్బా, అగ్గిపెట్టె. ఆదివారం మాత్రం గుడికి పోయి వచ్చేదాకా డబ్బా మూత తీయదు. మా గుడి పాస్టరు అయ్యగారు ఒకసారి ఈ అలవాటు మానుకోమ్మా అని మెల్లగా చెప్తే, పొగ పైకే పోతుంది గదయ్యా, పైన ఎవరుంటారో మీకు తెలీదా అని అడిగింది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

చుట్టను చూడటం ఆమె దగ్గరే వచ్చింది నాకు. కూర్చోబెట్టి నేర్పిందేమీ లేదు, చూస్తూ చూస్తూ పట్టుబడింది. ముందు పైఆకు చూడాలి. పచ్చ మరకలుంటే ఆకు సరిగా మాగలేదు. తెల్లటి నూగు కనిపిస్తే బూజు. ఈనెలు లావుగా తేలి ఉంటే ముదురాకు. తరువాత రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కాలి. గట్టిగా ఉంటే పొగ రాదు, దిగబడితే లోపల తుక్కు పెట్టి చుట్టినట్టు. నొక్కి వదిలితే మళ్లీ పైకి రావాలి. చెవి దగ్గర పెట్టుకొని తిప్పినప్పుడు గరగరమంటే ఎండిపోయిందని లెక్క. ఇవన్నీ దాటినా అసలు సంగతి కాల్చినాకే తెలుస్తుంది. మంచి చుట్ట చుట్టూ ఒకే తీరుగా కాలుతుంది. నుసి తెల్లగా ఉంటుంది, వెంటనే రాలదు. ఒక పక్కనే కాలుతూ పోయేదాన్ని మా అత్త కుంటి చుట్ట అంటుంది. చుట్టల విషయంలో ఆమెకు అంతకంటే పెద్ద తిట్టు లేదు.

నేను బళ్లో టీచర్ని. మా ఆయన టమోటా బండి నడిపేవాడు. సాయంత్రం మార్కెట్టు నుంచి రాగానే కాళ్లు కడుక్కొని పోయి వాళ్లమ్మ పక్కన బండ మీద కూర్చునేవాడు. ఆ వేళకు నేను వంటింట్లో ఉండేదాన్ని. కిటికీలోంచి చూస్తే ఆయన నోట్లో చుట్ట కనిపించేది. లోపలికి వచ్చి పక్కన నిలబడితే ఒకటే కంపు. తల్లి చుట్టలో వాటా తీసుకునే కొడుకును ఈయన్నే చూశానని దెప్పేదాన్ని. రెండు దమ్ములే గదా అని నవ్వేవాడు. పొద్దంతా ఆయన బీడీ కూడా ముట్టేవాడు కాదు, మరి ఆ రెండు దమ్ములు ఎందుకో నేను అడగలేదు. కాపురంలో అడగకుండా జరిగిపోయేవి చాలా ఉంటాయి.

పోయిన టమోటా కాలంలో ఆయన గుండె ఆగి చనిపోయాడు. బండికి లోడు ఎత్తించి, నీళ్లు తాగుతానని కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. ఆసుపత్రికి తీసుకుపోయేసరికే అయిపోయింది. పాటలు పాడారు, మట్టి వేశారు, ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. వచ్చినవాళ్లకు నేనే మంచినీళ్లు ఇచ్చాను, కుర్చీలు చాలాయో లేదో చూసుకున్నాను. ఏడవలేదు. గట్టి మనిషని కొందరన్నారు, రాతి మనిషని కొందరన్నారు. రెండూ కాదు. నాకు ఏమీ తెలియలేదు, అంతే. అన్నం తింటుంటే ఉప్పు ఉందో లేదో తెలిసేది కాదు. బస్సు వస్తే ఎక్కేదాన్ని, పిల్లలు లెక్క తప్పు చేస్తే దిద్దేదాన్ని. పళ్ల డాక్టరు సూది వేసినాక దవడ ఎట్లా ఉంటుందో, మనిషి మొత్తం అట్లా ఉన్నాను.

కూడిక అయిన మరునాటి సాయంత్రం మా అత్త మళ్లీ బండ మీద కూర్చుంది. డబ్బా, అగ్గిపెట్టె ఆమె పక్కన పెట్టి నేను వంటింట్లోకి వచ్చాను. కాసేపటికి డబ్బా మూత గట్టిగా వేసిన చప్పుడైంది. చుట్ట బాగలేదంది. మరునాడూ అదే మాట. ఎప్పుడూ తెచ్చే అంగడిదే, అదే కట్ట. అంగడాయన మోసం నేర్చుకున్నాడంది. చుట్ట పడకపోతే ఆమెకు అన్నం దిగదు, రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు నెట్టేది. చూస్తుండగానే జాకెట్లు వదులైపోయాయి.

ఆ తరువాత కడప మాట మొదలైంది. మా ఆడబిడ్డ కాపురం కడపలో. ఒకరోజు నాకు వినపడేటట్టే ఫోనులో కూతురితో చెప్పింది.

“ఈడ చుట్టలు గూడా బాగలేవు మే. నేను ఆడికే వచ్చేస్తా.”

మాకు పిల్లలు లేరు. ఆమె కూడా పోతే ఇంట్లో మిగిలేది నేనూ, గడప దగ్గర ఆయన చెప్పులూ. ఉండమని అడగడానికి నోరు రాలేదు. కొడుకు ఉన్నన్నాళ్లు ఆమె నాకు అత్త. కొడుకు పోయినాక నేను ఆమెకు ఏమవుతానో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. అడగడం చేతకాక చుట్టలు వెతకడం మొదలుపెట్టాను. మంచి చుట్ట దొరికితే ఉండిపోతుందని నా పిచ్చి నమ్మకం.

కర్నూలులో టీచర్ల మీటింగుకు పోయిన రోజు, మీటింగు మధ్యలో లేచి పాత ఊరి సందుల్లో చుట్టల అంగడి పట్టుకున్నాను. అంగట్లో సాయిబు పెద్దాయన ఎవరికమ్మా అన్నాడు. నాకే అన్నాను. ఆయన నా చీర చూశాడు, హ్యాండ్‌బ్యాగు చూశాడు, కట్టలు నా ముందు పెట్టాడు. ఒక్కొక్కటీ నొక్కి, చెవి దగ్గర తిప్పి, వాసన చూసి ఏరుతుంటే మాత్రం ఓపిక పట్టలేక, సంబంధాలు చూడటానికి వచ్చినావా తల్లీ అన్నాడు. నాతో పనిచేసే టీచరమ్మ అహోబిలం మొక్కుకు పోతుంటే దారిలో చుట్టలు తెమ్మని చెప్పాను. నరసింహస్వామి ప్రసాదమూ చుట్టల కట్టా ఒకే సంచిలో పెట్టుకొని రావాల్సి వచ్చిందని ఆమె నన్ను బస్సులోనే తిట్టింది. ఆడబిడ్డ కూడా కడప నుంచి ఒక కట్ట పంపింది. అన్నీ నేను చూసినవే. ఆకు మాగినవి, చేతికి సరిగా తగిలినవి. మా అత్త రోజుకొకటి అంటించి, ముఖం చిట్లించి, డబ్బాలో పడేసేది. కుంటి చుట్ట. ఇదీ కుంటిదే. కడపవి కూడా కుంటివే అని తేల్చింది, అయినా కడపకే పోతానంది.

ఆదివారం గుడి అయినాక ఆడబిడ్డ వచ్చి తీసుకుపోవాలని మాట అయింది. శనివారం సాయంత్రానికి మా అత్త బట్టల సంచి సర్దుకొని గోడకు ఆనించి పెట్టింది. డబ్బా కూడా తుడిచి ఇద్దామని నేను దాన్ని పేపరు మీద బోర్లించాను. అంటించి వదిలేసిన చుట్టలన్నీ అందులోనే ఉన్నాయి, ఆమెకు ఏదీ పారేయబుద్ధి కాదు. పక్కపక్కన పేర్చి చూశాను. కర్నూలుది, అహోబిలం దారిలోది, కడపది, మా పత్తికొండది. ఆకు రంగు వేరు, చుట్టిన చేయి వేరు. కానీ అన్నీ ఒక పక్కనే కాలి ఉన్నాయి. ఆ పక్క బొగ్గులా నల్లగా, ఇంకో పక్క ఆకు ఆకులాగే. ఒక అంగడి చుట్ట కుంటిది కావచ్చు. ఇన్ని ఊళ్ల చుట్టలు ఒకే తీరుగా కుంటవు. తప్పు చుట్టలో లేదు, అంటించడంలో ఉంది.

కిటికీలోంచి రోజూ చూసింది అప్పుడు గుర్తొచ్చింది. ఆయన పుల్ల గీసేవాడు. కొసన ఉన్న మందు మండిపోయి ఉత్త పుల్ల కాలేదాకా ఆగేవాడు. అప్పుడు చుట్టను వేళ్ల మధ్య తిప్పుతూ, అంచు చుట్టూ ఎర్రగా అయ్యేదాకా లాగి వాళ్లమ్మ చేతికి ఇచ్చేవాడు. నేను వాటా అనుకున్నది వాటా కాదు. పళ్లు లేని నోటితో అంత లావు చుట్టను అంటించుకునే శక్తి ఆమెకు లేదు. బుగ్గలు లోపలికి పోతాయి గానీ నిప్పు అంటుకోదు, చేయి వణికి మంట ఒక పక్కనే తగులుతుంది. ఆ సంగతి నాకు చెప్పాలంటే, అంటించి ఇచ్చేవాడు ఇక లేడని ఆమె నోటితో అనాలి. అనలేక అంగళ్లను తిట్టింది.

బయటికి పోయి ఆమె పక్కన బండ మీద కూర్చున్నాను. అంతకుముందు ఎప్పుడూ అక్కడ కూర్చోలేదు. పత్తికొండ కట్టలోంచి కొత్త చుట్ట ఒకటి ఏరి, నొక్కి చూసి, నా నోట్లో పెట్టుకున్నాను. మా అత్త చూస్తూ ఉంది. వీధిలో నీళ్ల బిందెతో పోతున్న ఒకామె నిలబడి మరీ చూసింది. తెల్లారేసరికి టీచరమ్మ చుట్ట తాగుతోందని గుడంతా తెలుస్తుందనుకున్నాను. తెలియనీ అనుకున్నాను. పుల్ల గీసి, మందు మండిపోయేదాకా ఆగి, తిప్పుతూ లాగాను. పొగ గొంతుకు అడ్డం పడి, పొట్ట పట్టుకొని దగ్గాను. మళ్లీ లాగాను. నిప్పు అంచు చుట్టూ పాకింది.

నోరంతా చేదు. నాలుక మీద, అంగిట్లో, పళ్ల సందుల్లో చేదు. ఆయన పోయినాక నాకు తెలిసిన మొదటి రుచి అది. ప్రతి సాయంత్రం ఆయన ఈ చేదు నోట్లో పెట్టుకొని లోపలికి వచ్చేవాడు, నేను ముఖం తిప్పుకునేదాన్ని. బాధేసింది. ఇన్నాళ్లకు బాధేసింది.

చుట్ట ఆమె చేతికి ఇచ్చాను. కొస నా ఎంగిలితో తడిసి ఉంది. నేను తుడవలేదు, ఆమె కూడా తుడుచుకోలేదు. నోట్లో పెట్టుకొని కళ్లు మూసుకుంది. వీధి దీపాలు వెలిగాయి. నుసి తెల్లగా, గోరంత పొడవు నిలబడింది.

“యాడిది?” అంది.

మన అంగడిదే అని చెప్పాను. బాగుండాదా అత్తా అని అడిగాను.

“ఏం బాగుండాది. ఘాటే లేదు.”

అంటూనే పీక దాకా లాగింది, వేళ్లు చురుక్కుమనేదాకా. పీకను బండకు రాసి ఆర్పి, డబ్బాలో వేయకుండా వీధిలోకి విసిరేసింది. నా వైపు తిరగకుండానే అంది.

“రేపు అంత ఆత్రంగా లాగొద్దు మే. మెల్లగ తిప్పాల.”

సరే అన్నాను. లేచి, గోడకు ఆనించిన సంచి తీసుకుపోయి లోపల పెట్టాను. ఆమె వద్దనలేదు.