అలివేలుతో చెప్పుకున్న మాటలు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా, మధ్యవర్తిగా అలివేలు ఉండేది. అలివేలు మనిషి కాదు, మా కారు. (ఈ సంగతి చివరి దాకా దాచి మిమ్మల్ని ఆశ్చర్యపరిచే ఓపిక నాకు లేదు.) ఇప్పటి కార్లు తామే మాట్లాడుతున్నాయి. తలుపు సరిగ్గా పడలేదనీ, బెల్టు పెట్టుకోలేదనీ సతాయిస్తాయి. అయినా వాటితో ఎవరూ రెండు ముక్కలు మాట్లాడిన పాపాన పోరు. మా అలివేలు నోరు విప్పింది లేదు గానీ, మా ఇంటిల్లిపాదీ దానితోనే మాట్లాడేవాళ్ళం.

నాయన హైస్కూల్లో లెక్కల అయివారుగా చేసి, రిటైరైన ఏడాది దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఆయనకు నడపడం రాదు, డ్రైవరును నేనే. అలిపిరిలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దర్జాగా తిరుచానూరుకు బయలుదేరితే, గుడి గోపురం కనబడకముందే నడిరోడ్డు మీద ఆగిపోయింది. నాయన దిగి, బానెట్ ఎత్తి, పరీక్ష పేపరు దిద్దేటప్పటి మొహంతో లోపలికి చూశాడు. నేను తోశాను. పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని మా ఇంటావిడ కూడా తోసింది. అమ్మ మాత్రం మా పాపను ఒళ్ళో పెట్టుకుని వెనక సీటు దిగలేదు. "అమ్మోరు గూడా కొండమింద సామితో అలిగి ఈడికొచ్చే కదా నిలబడిపోయింది. ఇదీ అంతే. దాన్ని కాసేపు ఇడిసిపెట్టండి, తిక్క తగ్గితే అదే వస్తాది" అంది. కాసేపు వదిలేశాం. తిక్క తగ్గి, అదే వచ్చింది. ఆ పూటతో దాని పేరు అలివేలు అయింది.

ఇక నా సంగతి. తిరుపతిలో సగం మంది నాయన చేతి దెబ్బలు తిన్నవాళ్ళేనని చెప్పుకునేవారు. (మిగిలిన సగం వేరే బడిలో చదివారు.) నేనూ ఆయన క్లాసులోనే చదివాను. అప్పటికి నాకు ముప్పై నిండలేదు, ఆఫీసులో ఉద్యోగం కొత్త. నాలుగు పుస్తకాలు చదివి, ఇద్దరు స్నేహితులతో టీ తాగి, విద్యావేత్తనైపోయాను. పాపకు ఐదేళ్ళు నిండే నాటికి చంద్రగిరి దాటాక ఒక మామిడి తోపులో నడిచే బడిని వెతికి పట్టుకున్నాను. అక్కడ యూనిఫాం లేదు, బెత్తం లేదు, పిల్లలు చెట్ల కింద చాపల మీద కూర్చుంటారు. నాయన అప్పటికే ఊళ్ళో ఒక పెద్ద బడిలో, తన పాత శిష్యుడితో మాట్లాడి, మనవరాలికి సీటు ఖాయం చేసి పెట్టాడు. ఈ రెండు విషయాలూ ఒక రాత్రి భోజనాల దగ్గర ఎదురెదురు పడ్డాయి.

"పరీక్షలు ఎప్పుడు పెడతారంట?" అన్నాడు నాయన.

"పెట్టరు నాయనా."

"ఎక్కాలు?"

"పిల్లలకు ఎప్పుడు నేర్చుకోవాలనిపిస్తే అప్పుడు నేర్చుకుంటారంట."

"అయివార్లను ఏమని పిలుస్తారు?"

"అన్నా, అక్కా అని."

నాయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. "పాప ఆ తోపులో అడుగు పెట్టిన దినం నుంచి నేను నీతో మాట్లాడేది లేదు" అన్నాడు. మాట మీద నిలబడే మనిషి. జూన్‌లో బడి తెరిచారు, మా మధ్య మాట మూతపడింది.

అయితే తిట్టాలంటే మాట కావాలి కదా. పొద్దున నేను కారు తుడుస్తుంటే నాయన కాఫీ గ్లాసుతో వచ్చి, నా వైపు చూడకుండా బానెట్‌కేసి చూసి మొదలుపెట్టేవాడు. "అలివేలూ, నిన్న ఆ తోపులో ఏం చదువు చెప్పినారో కనుక్కో." నేనూ తగ్గకుండా, "అలివేలూ, నిన్న పిల్లలు చెనిక్కాయలు పెరికినారని చెప్పు" అనేవాణ్ణి. "చెనిక్కాయలు పెరికితే మన పక్క కూలి ఇస్తారు. ఈళ్ళు ఎదురు ఫీజు కట్టినారా అలివేలూ?" అని ఆయన ఒక గుక్క తాగేవాడు. నేను అద్దం ఇంకో రెండుసార్లు తుడిచేవాణ్ణి. "మీ ఇద్దరి నడుమ ఆ కారుకు పిచ్చెక్కతాది" అని మా ఇంటావిడ తల కొట్టుకునేది. పాప ఇది మా ఇంటి పద్ధతి కాబోలనుకుని, తనూ వాకిట్లోకి వచ్చి "అలివేలూ, నాకు ఉప్మా వద్దని అమ్మకు చెప్పు" అని పోయేది.

ఇలా ఎంతకాలమైనా సాగేదే. కానీ ఒక సాయంత్రం నాయన ఉండబట్టలేక పాపను పిలిచి, "ఏడు ఎనిమిదులు ఎంత?" అన్నాడు. పాప బడిలో నేర్పిన మర్యాదతో, "నీకు ఎందుకు కావాల తాతా?" అంది. ఆయన సర్వీసు మొత్తంలో ఎవరూ అడగని ప్రశ్న అది. అడిగే ధైర్యం నాకైతే కలలో కూడా వచ్చి ఉండదు. నాయన లేచి వాకిట్లోకి వెళ్ళి, "అలివేలూ, ఆదివారం పొద్దున నన్ను చిత్తూరులో నా కూతురింట్లో దించు. ఇంక ఈడికి రాను" అని ప్రకటించి, ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. బస్సులో పొమ్మని అమ్మ అంటే, "దొంగ మాదిరి బస్సెక్కి యాల పోవల్ల? నా కారులో పోతా" అన్నాడు. అంటే నా మీద అలిగి పోయే మనిషిని నేనే నడుపుకుంటూ వెళ్ళి దించి రావాలి. వద్దని చెప్పే ధైర్యం నాకు అలివేలు ద్వారా కూడా లేదు.

ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. పాపను ఆ బడి మాన్పించలేను, నాయన లేని ఇంట్లో ఉండలేను. ఆయనంటే ఎంత భయమో, ఆయన దగ్గు వినబడకపోతే అంత బెంగ. చివరికి నాకొక్కటే దారి కనబడింది. అలివేలు అలగాలి. అవసరం లేనప్పుడల్లా అలిగే ఆ మహాతల్లి, ఆ వారమంతా తాళం తిప్పడమే ఆలస్యం, లేచి కూర్చుంటోంది. శనివారం మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళు కునుకు తీస్తుండగా, లుంగీ ఎగ్గట్టి, స్పానరు పట్టుకుని దాని కిందికి దూరాను. దూరాక గానీ తెలియలేదు, ఏది విప్పాలో నాకు తెలియదని. (కార్ల గురించి నాకు బాగా వచ్చిన విద్య తోయడం ఒక్కటే.) ఆలోచిస్తూ పడుకుని ఉంటే పైనుంచి ఆయిలు చుక్క సరిగ్గా కంట్లో పడింది. అంతలో నాయన దగ్గు వినిపించింది. ఊపిరి బిగబట్టాను.

బానెట్ మీద రెండుసార్లు తట్టాడు. "అలివేలూ, వాడు బిడ్డను ఆ బడిలో ఎందుకేసినాడో నాకు తెలీదనుకుంటాడు. వాడు నా క్లాసులోనే కదా చదివినాడు. అయివారు సొంత కొడుకును వదిలేసినాడని ఊరు అంటాదేమోనని, అందరికీ ఒక దెబ్బయితే వానికి రెండేసినాను. ఇంటికొచ్చినాక నన్ను చూసి వాళ్ళమ్మ కొంగు చాటుకు పోయేవాడు. అదీ చూసినా. చూసి గూడా మళ్ళా పొద్దున బెత్తం పట్టుకోని పోయినా. తన బిడ్డకు ఆ భయం వద్దనుకున్నాడు. దాంట్లో వాని తప్పేముండాది?" బానెట్ మీద ఇంకోసారి తట్టి, "రేపు చిత్తూరు వద్దులే. ఆ పిల్ల ఎందుకు అని అడిగింది. దానికి జవాబు చెప్పకుండా పోతే బాగుండదు" అన్నాడు.

నా రెండు కళ్ళూ కారిపోయాయి. ఒక కంటికి ఆయిలు కారణమని చెప్పుకోవచ్చు, రెండో కంటికి ఏ సాకూ లేదు.

ట్రంకుపెట్టె అటక ఎక్కింది. సోమవారం నాయన ముందు సీట్లో కూర్చుని, "అలివేలూ, ఆ తోపు యాడుండాదో చూపీ" అన్నాడు. నెమ్మదిగా మాకు మాటలు కలిశాయి. నేను మాత్రం నాయన మనసును ఆయనకు తెలియకుండా దొంగిలించిన ఘనుణ్ణని మురిసిపోతూ, ఆ రహస్యాన్ని ఇన్నేళ్ళూ పదిలంగా దాచుకున్నాను. పాప పెద్దదై బెంగుళూరులో చదువుకుంటోంది. (చదివేది లెక్కలే, ఏడో ఎక్కం దగ్గర ఇప్పటికీ తడుముకుంటుంది.) అలివేలును ఎప్పుడో అమ్మేశాం.

మొన్న అమ్మ అనపకాయలు ఒలుస్తుంటే, పక్కన కూర్చుని ఆ రహస్యం గొప్పగా చెప్పాను. అమ్మ ఒలిచే చెయ్యి ఆపి నవ్వింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉండాది. నీ కాళ్ళు రెండూ మోకాళ్ళ కాడికి బయటనే ఉండె కదరా! నేను కిటికీలోనుంచి సూస్తానే ఉండా. మీ నాయన నీ సెప్పులు పక్కకు జరిపి మరీ నిలబడినాడు" అంది.

వాకిట్లోకి వచ్చాను. నాయన పేపరు చదువుతున్నాడు. కొత్త కారు ఎదురుగా ఉంది, దానికి ఎవరమూ పేరు పెట్టలేదు. అద్దం తుడుస్తున్నట్టు నటిస్తూ, "ఆ పొద్దు నాయన నా కాళ్ళు చూసినాడంట" అన్నాను దానితో.

పేపరు కిందికి దిగలేదు. "పేరు గూడా లేనిదానికి చెప్తే దానికేం తెలుస్తాదిరా? నాకే చెప్పు" అన్నాడు నాయన.

కారు కింద దూరిన ఆ కుర్రవాడి మీద నాకు నవ్వొచ్చింది. జుట్టు నెరుస్తున్నా వాడికంటే నేను పెద్దగా ఎదగలేదు. గుడ్డ బానెట్ మీద వదిలేసి, వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.