బ్రేకు మీద నా కాలు

మా అల్లుడు గరాజులో సొంతంగా ఒక కారు కట్టుకున్నాడు. విడిభాగాలన్నీ పెట్టెల్లో వచ్చాయి. చలికాలమంతా ఆఫీసు నుంచి రాగానే కోటు వేసుకుని అందులోనే ఉండేవాడు. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడుగాటి ముక్కు. "ఇదేం కారే, పడవలా ఉంది" అన్నాను మా అమ్మాయితో. అల్లుడితో అనలేదు. ఎవరినైనా మొహాన అనేస్తానని ఊళ్లో నాకు పేరు. అల్లుడి దగ్గర మాత్రం నోరు కట్టేసుకుంటాను. మా వైపు అత్త అల్లుణ్ని మీరు అనే అంటుంది. ఆయన ఎదుట కాళ్లు చాపి కూర్చోదు, ఒంట్లో నొప్పుల మాట ఎత్తదు. అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చినా ఆ అలవాటు నాతోనే ఉంది.

చలి తగ్గేసరికి బ్రేకుల పని మిగిలింది. మామూలు కార్లలో బ్రేకుకి ఇంజను సాయం ఉంటుందట, మెల్లగా నొక్కినా ఆగుతుంది. దీనికి ఆ సాయం లేదు, కాలి బలమంతా పెట్టాలి. ముందు పెడల్ వెనకున్న కడ్డీ పొడుగు సరిచేయాలి. తర్వాత బ్రేకు ఆయిలు గొట్టాల్లో గాలి తీయాలి, లేకపోతే బ్రేకు పట్టదు. దానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని చిన్న నట్టు వదులు చేస్తారు. ఆయిలుతోపాటు గాలి బయటికి వస్తుంది. నట్టు మళ్లీ బిగించేదాకా కాలు తీయకూడదు, తీస్తే గాలి వెనక్కి పోతుంది. ఇదంతా అల్లుడే నాకు చెప్పాడు, చంటిపిల్లకి చెప్పినట్టు.

చెప్పాల్సి ఎందుకొచ్చిందంటే, మా అమ్మాయి "నాకు ఆఫీసు కాల్ ఉంది, సాయంత్రం చూద్దాం" అంది. ఆయన మొహం వాడిపోయింది. "నేను తొక్కుతాను బాబూ" అన్నాను. ఇక్కడ నాకు వంట తప్ప పని లేదు, ఎవరో ఒకరు కారులో తీసుకెళ్తే తప్ప గడప దాటలేను. ఒక పనికి పనికొచ్చానని సంబరపడ్డాను.

"నొక్కండి అత్తయ్యగారూ."

"నొక్కాను."

"పట్టుకోండి... ఆ, ఇంక వదలండి."

మూడు చక్రాలు బాగానే అయ్యాయి. చివరి చక్రం దగ్గరికి వచ్చేసరికి కుడి మోకాలు నిప్పులో పెట్టినట్టయింది. బురదలో నాట్లు వేసి వేసి అరిగిన మోకాలు అది.

"పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను బాబూ."

అప్పటికే కాలు పైకి లేచింది. గబుక్కున మళ్లీ తొక్కాను. ఆయనకి తెలియలేదు, నట్టు బిగించి లేచాడు. "ఎలా ఉంది? గట్టిగా ఉందా?" అన్నాడు. రుబ్బిన పిండిలో కాలు పెట్టినట్టుంది. "రాయిలా ఉంది" అన్నాను.

ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని, చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు. కాలు తీశాను. అబద్ధమాడాను.

ఆయన కూర్చుని నాలుగైదుసార్లు గబగబా తొక్కాడు. "కాస్త మెత్తగా ఉందే" అని కడ్డీ ఇంకొంచెం సరిచేశాడు. మళ్లీ తొక్కి చూస్తే బిగిసినట్టే అనిపించింది కాబోలు, కాల్ అయిపోయిన మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. నేను గరాజు ముందు నిలబడి చూస్తున్నాను.

వీధి చివర స్టాప్ గుర్తు దగ్గర పెడల్ నేలకి ఆనిపోయింది. ఆయన హ్యాండ్‌బ్రేక్ లాగాడు. కారు రోడ్డు పక్క గట్టు ఎక్కి, ఆ మూల ఇంటివాళ్ల మెయిల్‌బాక్స్‌ని పడగొట్టి ఆగింది. మా అమ్మాయి పెదవి చిట్లింది.

"నీ చేత్తో కట్టిన డబ్బాలో నేను మళ్లీ కూర్చోను. అమ్మెయ్" అంది ఆయనతో. ఆ రోజు మొదలు రోజూ ఏదో ఒక మాట. ఆయన ఒక్కటే అనేవాడు: "కడ్డీ నేనే తప్పు సెట్ చేశాను." తప్పు లేని కడ్డీని రోజూ ఇటు ఒక చుట్టు, అటు ఒక చుట్టు తిప్పుకుంటూ కూర్చున్నాడు. తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. చివరికి అమ్మకానికి పెట్టాడు. కొనేవాడు ఆదివారం వస్తానన్నాడు.

శనివారం గరాజులోకి వెళ్లాను. ఆయన తల పెడళ్ల దగ్గర, కాళ్లు బయట. మొహం కనపడలేదు కాబట్టి చెప్పగలిగాను.

"బాబూ, కడ్డీలో ఏం లేదు. చివరి చక్రం దగ్గర నేను కాలు తీసేశాను. రాయిలా ఉందన్నదీ అబద్ధమే."

స్పానర్ చప్పుడు ఆగింది.

"ఎందుకు తీశారు?"

"మోకాలు."

"చెప్పొచ్చు కదా అత్తయ్యగారూ!" నా మీద గొంతు పెంచడం అదే మొదలు. "మీ కూతురే కదా పక్కన కూర్చుంది!"

"అవును" అన్నాను.

బయటికి వచ్చాడు, నుదుటి మీద నల్లటి మరక. "మీ అమ్మాయికి చెప్పకండి. ఎలాగూ నన్నే తిడుతోంది, అలాగే పోనివ్వండి" అంటూ చక్రం దగ్గర ఒక స్టూలు వేశాడు. ఈసారి తను తొక్కాడు. నట్టు తిప్పే పని నాకిచ్చాడు. నట్టు వదులు చేయగానే సన్నటి గొట్టంలో బుడగలు సగ్గుబియ్యం గింజల్లా వరసగా వచ్చాయి. నేను లోపలికి పంపిన గాలే అది. "బిగించండి" అనేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాను.

చెప్పకండి అన్నాడు గానీ, రాత్రి అన్నాల దగ్గర చెప్పేశాను. మా అమ్మాయి ముద్ద కంచంలో వదిలేసింది.

"ఇన్నాళ్లూ ఈ మనిషిని నానా మాటలూ అన్నానమ్మా. నువ్వు ఎదురుగా కూర్చుని పప్పు కలుపుకుంటూ విన్నావు."

విన్నాను. అంతా విన్నాను.

కారు అమ్మలేదు. ఆయన రోజూ నడుపుతున్నాడు. మా అమ్మాయి మాత్రం ఇంకా ఎక్కలేదు. తప్పు ఆయనది కాదని తెలిసినా, "నాకు భయం పట్టుకుందమ్మా, అది పోవట్లేదు" అంటుంది. పెదవి మీద గీత సన్నగా మిగిలింది. ఆ సీట్లో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను, అల్లుడి పక్కన, మోకాలికి బాగుంటుందని కాలు చాపుకుని. స్టాప్ గుర్తు వచ్చినప్పుడల్లా నా కుడికాలు పెడల్ లేని నేలని గట్టిగా తొక్కిపడుతుంది. కారు ఆగాక కూడా తీయను.

"ఆగింది అత్తయ్యగారూ, వదలండి" అంటాడు ఆయన.