అత్తగారు దాచిన కోళ్లు

మా అత్తగారు ఇన్సాఫ్‌కు దిష్టి భయం. ఇంట్లో కోళ్లెన్ని అని ఎవరడిగినా "ఏవో ఒకటీ అరా" అంటుంది తప్ప లెక్క చెప్పదు. పొద్దున్నే మా ఆయన మత్వల్లీ గూడు తలుపు తీస్తాడు. నేను నానబెట్టిన రొట్టెముక్కలు చల్లుతాను. ఆవిడ ఒక్కో పెట్టనూ ఒడిసిపట్టి, గుడ్డుందో లేదో వేలితో తడిమి చూస్తుంది. మా కాలువ గట్టున అంత బలిసిన పెట్టలు ఇంకెవరికీ లేవు. ఆ మాట నేను పైకి అన్నానో, ఆ పూటంతా సాధింపే.

ఆ యేడు ఆవిడ ప్రాణమంతా వాటి మీదే పెట్టుకుంది. ఆడబిడ్డ రావియాకు నెలలు నిండుతున్నాయి. పురిటాలికి పుట్టింటి కోళ్ల చారు అందకపోతే అత్తవారింట్లో ఆ పిల్ల తలెత్తుకోలేదు.

అలాంటప్పుడు తెగులు సోకకుండా కోళ్ల కళ్లలో చుక్కల మందు వేసే సుహైర్ వచ్చింది.

"పిన్నీ, పక్క ఊళ్లో కొక్కెర తెగులు పడింది. ఉన్నవన్నీ బయటికి తే."

"ఉన్నవే రెండు తల్లీ" అంటూ అత్తగారు కుంటిపెట్టనూ, ఒంటికన్ను ముసలి పుంజునూ ముందు పెట్టింది. మంచివన్నీ రొట్టెల పొయ్యి గదిలో గోనెపట్టాల వెనక ఉన్నాయి. నేను నోరు తెరవబోతే గట్టిగా గిల్లింది. సరిగ్గా అప్పుడే లోపల ఒక పెట్ట గుడ్డు పెట్టి, వీధంతా వినపడేలా అరిచింది.

"అదెవరిది పిన్నీ?"

"పొరుగింటిది." రెప్ప కూడా వాల్చలేదు మహాతల్లి.

సుహైర్ నవ్వింది. "సీసా మూత తీశాక మందు రేపటికి పనికిరాదు. తర్వాత నన్ననకు మరి."

పక్షం తిరక్కుండానే తెగులు మా గూట్లోకొచ్చింది. మెడలు వంకర్లు పోయి, పెట్టలు ఒకదాని వెనక ఒకటి ఒరిగిపోయాయి. మత్వల్లీ గొయ్యి తీస్తుంటే అత్తగారు గట్టున కూలబడింది.

"దిష్టి తగిలింది అత్తయ్యా" అన్నాను, ఓదార్పుగా.

"ఎవరి దిష్టే? నా చేతులతో నేనే చంపుకున్నాను" అని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు. నాకూ దుఃఖం ఆగలేదు.

మిగిలినవి మందు పడ్డ ఆ రెండే. రావియాకు ఆడపిల్ల పుట్టిన రోజున మత్వల్లీ ముసలి పుంజును కోశాడు. పొద్దున పొయ్యెక్కిస్తే మధ్యాహ్నం దాటాక గానీ మెత్తబడలేదు. గిన్నె పట్టుకుని రావియా అత్తవారింటికి వెళ్లాం.

"అమ్మా, ఇది కోడా, చెప్పు తోలా?" అంది రావియా.

"చారు తాగవే. నిన్ను నమలమన్నదెవరు?"

కుంటిపెట్ట కింద ఇరుగుపొరుగులిచ్చిన గుడ్లు పెట్టి పొదిగించాం. పిల్లలు పెరిగి పెద్దవయ్యాయి. మరుసటేడు సుహైర్ వీధి మొదట్లో కనబడగానే అత్తగారు అరుగు మీద నిలబడి కేకేసింది. ఒక్కోదాన్నీ తెచ్చి, వీధంతా వినేలా ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టి మరీ మందు వేయించింది. నేను నోరెళ్లబెట్టాను.

"అయిపోయాయా పిన్నీ? లోపల ఇంకేం దాచలేదు కదా?" అంది సుహైర్.

"ఒట్టు. అన్నీ నీ ముందే ఉన్నాయి."

పొయ్యి గదిలోంచి పసిపిల్ల ఏడుపు వినబడింది. ముందురోజు రావియా పిల్లతో పుట్టింటికొచ్చింది.

"అయ్యో, పాపా! ఎవరి పాప పిన్నీ?"

అత్తగారు తలుపు చేరవేసి, దానికి అడ్డంగా నిలబడింది.

"పొరుగింటిది" అంది.