నేను మోసిన పాలు

సంగారెడ్డి వినియోగదారుల కోర్టుల అవతలి వకీలు నల్లకోటు పట్టి గుంజి, గోడకు ఆనించి, "నా మనుమరాలి పేగు నువ్వు తెచ్చిస్తవా?" అని అడిగిన. మా బస్టాండు కాడి చాయ్ హోటల్ల ఈ ముచ్చట చెప్తే అందరూ బల్లలు చరిచిన్రు. కోటు పట్టింది అబద్ధం. కోటుకు నాకు నడుమ ఇంత పెద్ద బల్ల ఉన్నది. అడిగింది కూడా నేను కాదు, నన్నే అడిగిన్రు. కానీ పట్టుకోవాలని ఉండె. ఇప్పటికీ ఉన్నది.

నా బిడ్డ కోహీర్‌ల ప్రైవేటు బడిల టీచరు. తొలి కాన్పు పుట్టింట్లనే కావాలె కాబట్టి జహీరాబాద్‌కు, మా ఇంటికి వచ్చింది. ఏడో నెల నడుస్తుండంగనే నొప్పులొచ్చినయి. సర్కారు దవాఖానల ఆపరేషన్ చేసి తీసిన్రు. పోరి నా అరచేతిల పట్టేంత ఉండె. సరే, రెండు అరచేతులనుకోండ్రి. గాజు పెట్టెల పెట్టాలని దాన్ని హైవే అవతలి ప్రైవేటు పిల్లల దవాఖానకు తోలిన్రు. తల్లి ఈడ, పిల్ల ఆడ. నడుమ నేను, నా పాత స్కూటర్.

బిడ్డకు పాలు మంచిగనే వచ్చినయి. కుట్లు గుంజుతుంటే పండ్లు బిగబట్టుకొని పిండేది. మూత గట్టిగున్న చిన్న స్టీలు డబ్బాల పోసి గుడ్డసంచిల పెట్టేది నా ముసల్ది. తల్లిపాలు బయటికి పోతే దిష్టి తగుల్తదని సంచి అడుగున ఒక బొగ్గు ముక్క, రెండు ఎండు మిరపకాయలు వేసేది. సంచిల. డబ్బాల కాదు. ఈ మాట జర గుర్తు పెట్టుకోండ్రి. ఎందుకంటే నేనే మరిచిపోయిన.

పిల్లల దవాఖానల గాజు తలుపు కాడ నర్సు డబ్బా తీసుకునేది. జరసేపటికి కడిగి, ఖాళీది నా చేతుల పెట్టేది. నేను వాపసు వచ్చేసరికి బిడ్డ మంచం మీద లేచి కూసుండేది.

"తాగిందా బాపూ?"

"తాగుడేంది, గుటగుట తాగింది. అయిపోయినంక ఇంకా కావాలని కాళ్లు తన్నింది."

గప్పుడు నవ్వేది. ఆ నవ్వు కోసమే మరుసటి పూట పోరి నన్ను చూసి కన్ను గూడ కొట్టిందని చెప్పిన.

తర్వాత పోరి కడుపు ఉబ్బి డప్పులెక్క అయ్యింది. రంగు మారింది. అంబులెన్సుల హైదరాబాద్ ఉరికినం. ఆడి పెద్ద డాక్టరు అడిగిండు, ఏం పాలు పట్టిన్రని. తల్లిపాలే అన్నం. ఆయన మా ముందరనే జహీరాబాద్ పిల్లల దవాఖానకు ఫోన్ చేసిండు. స్పీకర్ల నుంచి గొంతు వచ్చింది: "పొడి పాలే సార్. మొదటి నుంచి డబ్బా పాలే."

డాక్టరు ఫోన్ పెట్టేసి మా మొఖాలు చూసిండు. "నెలలు నిండని పిల్లల పేగులు చాలా నాజూగ్గా ఉంటాయి. తల్లిపాలు దొరుకుతుంటే పొడి ఎందుకు పట్టారో వాళ్లనే అడగండి" అన్నడు. పేగు కొంత చెడిపోయింది, కోసి తీసేసిన్రు. పోరి బతికింది. ఇప్పటికీ ఏది తిన్నా కడుపు పట్టుకొని ఏడుస్తది.

ఇగ మా వియ్యంకుడి సంగతి. రాయికోడ్ దిక్కు అల్లం పండించే ఆసామి. చూడనీకె వచ్చి, చెప్పులిడవకముందే మొదలుపెట్టిండు.

"కాన్పు మీ ఇంట్ల పెట్టుకొని గింత జేసిన్రు. పాలల్లనే ఏదో దోషమున్నది బావా. మా ఇంట్ల ఎవ్వలకు గిట్ల కాలే."

"మీ చేన్ల అల్లం ఎక్కువైంది బావా, నోటికెక్కినట్టున్నది" అన్న.

మా అల్లుడు తండ్రి ముందర నోరు తెరవడు. నా బిడ్డ లోపలి అర్రలకెళ్లి అంతా విన్నది. వారం తిరగకముందే వకీలమ్మ దగ్గరికి పోయింది. కేసు పిల్లల దవాఖాన మీద, పాలపొడి కంపెనీ మీద.

"నాకు పైసలొద్దు బాపూ. నా పాల తప్పు కాదని కాయితం మీద రాసియ్యాలె. అది తీస్కపోయి మామ ముందర పెడత."

కంపెనీ జవాబు పంపింది: డబ్బా మీద తల్లిపాలే శ్రేష్ఠమని రాసినం కదా, డాక్టరు చెప్తేనే వాడుమన్నం కదా అని. రాసి అమ్ముకునుడు, అమ్ముకొని చేతులు కడుక్కునుడు. దవాఖాన జవాబు ఇంకా పాడు జవాబు. ఇంటి నుంచి వచ్చిన పాలు మురికిగ ఉన్నయట, వాటిల తాత బొగ్గు కలిపిండట, గందుకే వాడలేదట. సాక్ష్యం వీడియో. వీడియోల నేనే.

చాయ్ హోటల్ల చెయ్యి ఊపుకుంట చెప్తున్న: "డాక్టర్లకేం తెలుస్తది? బొగ్గు మెత్తగ నూరి పాలల్ల కలిపి పంపిన! గందుకే నా మనుమరాలు యముని చేతులకెళ్లి జారి పడ్డది!" చుట్టూ నవ్వులు. ఎవడు తీసిండో, ఎవడు పంపిండో. నా బిడ్డ వీడియో చూసి ఫోన్ బోర్ల పెట్టింది. ఆ దినం నాతోని మాట్లాడలే.

ఇసొంటి కేసులు కాయితాల మీదనే నడుస్తయట. మా కర్మకు నన్ను, దవాఖాన డాక్టరును నిలవెట్టి అడుగుతమన్నరు. వియ్యంకుడు ఇస్త్రీ అంగీ తొడుక్కొని తమాషా చూడనీకె వచ్చి వెనక కుర్చీల కూసున్నడు.

"వీడియోలో ఉన్నది మీరేనా?" అని దవాఖాన వకీలు అడిగిండు.

"నేనే. జర లావు కనవడుతున్న."

"పాలలో బొగ్గు కలిపానని చెప్పారు కదా?"

"చెప్పిన. కలపలే. బొగ్గు సంచిల ఉండె."

"అంటే అబద్ధం చెప్పారు."

"చాయ్ కాడ చెప్పిన. చాయ్ కాడ నేను పులిని గూడ చంపిన. పులి తోలు ఏదని ఎవ్వలడగలే."

"మరి ఇప్పుడు చెప్తున్నది నిజమని ఎలా నమ్మాలి?"

వెనక వియ్యంకుడు కిసుక్కున నవ్విండు. నేను పోయి నా కుర్చీల కూసున్న.

నా బిడ్డ వంగి వకీలమ్మ చెవుల ఏదో చెప్పింది. డాక్టరు వంతు వచ్చినంక వకీలమ్మ లేచింది.

"పాలు పనికిరానివైతే పూటపూటా ఎందుకు తీసుకున్నారు? తేవద్దని ఎప్పుడైనా చెప్పారా?"

"తల్లి బాధపడుతుందని నర్సులు తీసుకునేవాళ్లు."

"తీసుకొని?"

"సింకులో పోసేవాళ్లు."

"బొగ్గు చూసి పోశారా?"

ఆయన తన వకీలు దిక్కు చూసిండు. "బొగ్గు సంగతి అప్పుడు మాకు తెలియదు. బయటి నుంచి వచ్చిన పాలు మేం వాడం. అందరికీ పొడి పాలే."

పైన కూసున్నాయన అది రాయించుకున్నడు. వెనక నవ్వు ఆగింది.

బయట వకీలమ్మ సంబురపడ్డది, కేసు మన దిక్కు మళ్లిందని. వియ్యంకుడు గోడకు చెప్పినట్టు అన్నడు: "అయితే పాలు పోరికి అందనే లేదన్నట్టు." అంతే. నా బిడ్డ మొఖం చూడలే, తప్పయిందనలే. ఆయనను అక్కడనే కడిగేద్దామని నోరు తెరిచిన. అంతలకే బిడ్డ నా దిక్కు తిరిగింది.

"అన్నీ సింకులనే పోసిన్రా బాపూ?"

అవునని తలకాయ ఊపిన.

"మరి గుటగుట తాగిందన్నవు?"

నాలిక కొస మీద మాట తయారుగనే ఉన్నది. మొదటి దినం పట్టిన్రు బిడ్డా, నా కండ్లతోని చూసిన అని. అంటే నమ్మేది.

"నన్ను లోపలికి రానియ్యలే బిడ్డా. తలుపుది మసక గాజు. నేనేం చూడలే."

"చూడలేదని గప్పుడే చెప్తే నేను ఆటోల పోయేదాన్ని. కుట్లు తెగినా పోయేదాన్ని." గొంతు పెంచలే. "వచ్చే వాయిదాల ఇది గూడ చెప్పు. నిన్ను రానియ్యలేదని, నువ్వు నాకు అబద్ధం చెప్పినవని. రెండూ."

బస్సుల ఆమె నా పక్కన కూసోలే.

వాయిదా ఇంకా రాలే. ఇంట్ల గోడకు చెప్పి చూస్తున్న: నన్ను రానియ్యలే, నేను చూడలే, అయినా తాగిందని చెప్పిన. శానా చిన్న మాట. దానికి తోక తగిలియ్యకుంట ఆపుడే నాకు చాతనైతలేదు.