మూడు చుక్కల నీళ్ళు

మా ఆశ్రమ పాఠశాలలో మైక్రోస్కోపు నాలుగేళ్ళుగా పెట్టెలోంచి బయటికి రాలేదు. పగిలితే ఎవరు జవాబు చెప్పాలని హెడ్మాస్టరుగారి భయం. మూడున్నర శతాబ్దాల కిందట ఐరోపాలో ఓ బట్టల వర్తకుడు చిన్న గాజుబిళ్ళని తనే అరగదీసుకుని, వాన నీటి చుక్కలో ఈదే ప్రాణుల్ని చూశాడు. పండితులు నమ్మకపోతే ఊళ్ళో పాదిరీలకి చూపించి సాక్షి సంతకాలు పెట్టించాడు. ఈ పాఠం నేను ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. చెప్పినంతసేపూ ఒళ్ళు మండేది.

ఆ వానాకాలం ఏడో తరగతి పిల్ల ఒకతె వాంతులూ విరేచనాలతో ఆసుపత్రి పాలైంది. సెలవుల నుంచి తిరిగొచ్చి వారమైంది. "ఊళ్ళో గెడ్డ నీళ్ళు తాగొచ్చి ఇక్కడ మన ప్రాణం తీస్తారు," అన్నారు హెడ్మాస్టరుగారు. నేనూ తలూపాను. ఆ కోపంలోనే పెట్టె తెరిపించి, మైక్రోస్కోపు ఒళ్ళో పెట్టుకుని, అనంతగిరి అవతల ఉన్న ఆ పిల్ల ఊరికి జీపెక్కాను.

ఊరి పక్కన పారే గెడ్డలోంచి ఒక చుక్క తీసి అద్దం కింద పెట్టాను. పురుగులు గిలగిలా ఈదుతున్నాయి. "చూడండి, మీరు తాగేది ఇదీ!" అని గొంతు చించుకున్నాను. పిల్ల అమ్మమ్మ తీరిగ్గా చూసి నవ్వింది.

"ఏటి మేస్టారూ, గెడ్డ నీల్లు గొడ్లు తాగుతాయి. మావెందుకు తాగుతాం? మా సెలమ అదిగో."

ఒడ్డున ఇసకలో మోచేతి లోతు గొయ్యి. రోజూ పొద్దున్నే పాత నీళ్ళు తోడి పారబోసి, కొత్తవి ఊరాకే ముంచుకుంటారట. అందులోంచి రెండో చుక్క తీసి పెట్టాను. ఎంత వెతికినా ఏమీ కనబడలేదు. పదేళ్ళుగా ఈ కొండల్లో పాఠాలు చెబుతున్నాను, వీళ్ళు ఏ నీళ్ళు తాగుతారో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. చిరాకేసింది. ఎవరి మీదో తేలక ఇంకా చిరాకేసింది.

"మీ బడి నీల్లు కూడా సూడండి మరి," అందావిడ నా సీసా చూపించి. దారిలో దాహానికని బడి ట్యాంకు నుంచి పట్టుకొచ్చిన నీళ్ళవి. మూడో చుక్క పెట్టాను.

గెడ్డే నయం. ఆ ట్యాంకుకి మూత లేదు. ఎప్పుడు కడిగారో గుర్తులేదు. కడిగించే డ్యూటీ ఆ ఏడాది నాదే.

ఆవిడా వంగి చూసింది. ఈసారి నవ్వలేదు.

"నా మనవరాలు గుంట ఇయ్యే తాగిందా?"

"అవునమ్మా."

"అయితే ఆస్పత్రి నించి బడికి తీసుకెల్లకండి. బేగి ఇంటికి తెచ్చీండి."

పిల్లల్ని బడి మానిపించొద్దని ఊరూరా తిరిగి చెప్పే మనిషిని నేను. ఆ రోజు మాత్రం "అలాగేనమ్మా" అని, సీసాలో నీళ్ళు ఇసకలో పారబోశాను.