జిలేబీ తెచ్చిన ఏజెంటు

ఈ రోజు మధ్యాహ్నం ఎల్లారెడ్డిలోని మా ఇంటికి బీమా ఏజెంటు యాదగిరి మళ్ళీ వచ్చాడు. కడుపుతో ఉన్న నా మనవరాలు సుజాతతో పాలసీ కట్టించాలని కొన్నాళ్ళుగా తిరుగుతున్నాడు. వచ్చినప్పుడల్లా ఆమెకు జిలేబీ పొట్లం తెస్తాడు. పుట్టబోయే బిడ్డకు ఆసరాగా ఉంటుందని పాలసీ మీద సుజాతకూ ఆశే. కానీ నిన్న కామారెడ్డి డాక్టరమ్మ ఆమెకు షుగర్ వచ్చిందని, కాన్పు తర్వాత చాలామందికి తగ్గిపోతుందని చెప్పింది. ఆ సంగతి వినగానే యాదగిరి ముఖం మాడిపోయింది.

"గట్లయితే కిస్తు ఎక్కువైతది అవ్వా."

సుజాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఒళ్ళు మండింది.

"జిలేబీలు నువ్వే తినిపిస్తివి, జుర్మానా మాకేస్తవా?"

"పోనీ, షుగర్ సంగతి రాయకుండ ఇడిసిపెడదాం."

"అబద్ధం రాస్తే రేపు మీ కంపెనీ పైసలిస్తదా? కాన్పయినంక మల్ల పరీక్ష చేయించుకొని కడుతది. గప్పటిదాంక ఈ జిలేబీ నువ్వే తిను."

యాదగిరి పొట్లం పక్కకు నెట్టి, గొంతు తగ్గించాడు.

"నాకు షుగరున్నది అవ్వా."

"మరి నీ పాలసీల రాసినవా?"

యాదగిరి గబుక్కున లేచి సైకిలెక్కాడు. సుజాత మాత్రం సాయంత్రం దాకా నవ్వుతూనే ఉంది. మీ ఇంటికొచ్చే ఏజెంటుకూ ఓ జిలేబీ పెట్టి చూడండి, ఏమన్నాడో నాకు చెప్పండి.