బానెట్ మీది సొట్ట

ఇయ్యాల నా ఫోర్ వీల్ డ్రైవ్ జీపు అమ్మకానికి పెట్టిన. గుట్టలెక్కే బండిని జనగామ బజార్ల తిప్పుడే తప్ప దానికి వేరే పని చెప్పలె. కొత్తదాని లెక్కనే ఉన్నదని ధర జర గట్టిగనే చెప్పిన.

చూడనీకి వచ్చిన భద్రుది కొత్తగూడ అడవిల తండ. బానెట్ మీది సొట్టను చేత్తోని తడిమి, "గిది ఎట్ల పడ్డదన్నా?" అని అడిగిండు.

"రాస్తారోకో నాడు రోడ్డుకు అడ్డం పెట్టినం. మైకు పట్టినోళ్లంత దీని మీదికే ఎక్కిండ్రు. సొట్టకు కొంత తగ్గిస్త తియ్యి."

"ఎక్కి ఏం చెప్పిండ్రు?"

"తెలంగాణ వస్తె తండతండకు రోడ్డు పడ్తదన్నరు."

భద్రు నవ్విండు. "వానకాలం మా తండకు ఏ బండీ రాదు. నొప్పులొచ్చిన ఆడోళ్లను మంచం మీద మోసుకుంట దవాఖానకు పోతున్నం. అందుకే గిది కొంటున్న. రోడ్డు పడ్డంక నాకు దీంతోని ఏం పని? అప్పుడు వాపస్ తీసుకుంటవా?"

గిదే ధరకు తీసుకుంటనని మాటిచ్చిన.

బేరం తెల్వనోడని మా ఇంట్ల అప్పట్నుంచి ఒకటే తిట్లు. కని గీ బేరంల నష్టపోవాలని నాకు మస్తు ఆశగున్నది. మీరేమంటరు, భద్రు బండి వాపస్ తెస్తడా?